జారే నేల మీద ఏమి చల్లాలి?

ముసురు పట్టి వారం దాటిన తరువాత గౌలిగూడ సందుల్లో నడిచినవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. చమన్ నుండి పుత్లీబౌలి వైపుకు, అఫ్జల్‌గంజ్ వైపుకు చీలిపోయే ఆ ఇరుకు సందుల్లో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. నడుమ ఉన్న నేలకు మధ్యాహ్నం కాసేపు తప్ప ఎండ తగలదు. మేడమీది గొట్టం నుండి కారే నీళ్ళు, కుళాయి దగ్గర ఒలికిన నీళ్ళు, వాన నీళ్ళు అన్నీ ఆ బండల మీదికే చేరతాయి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తిన మూసీ ఇక్కడికి కూతవేటు దూరమే గనుక, ఈ గోడలకు తేమ కొత్త కాదు. మే నెలలో నల్లని మరకలా ఎండి కనబడినది జూలై వచ్చేసరికి పచ్చగా, మెత్తగా, నిగనిగలాడుతూ లేస్తుంది. అదే పాచి. దానిమీద అడుగు వేసిన మనిషికి కాలు నిలవదు.

పల్లెల్లో సందులు ఇరుకు కాకపోయినా పాచికి కొదువ లేదు. బోరింగు చుట్టూ ఉన్న గచ్చు, గిలకబావి చప్టా, పెరట్లో స్నానాల బండ, గేదెలను కడిగే చోటు, మేడమెట్లు, గుడి అరుగు, ఇవన్నీ దాని నివాసాలే. మన తల్లులు తెల్లవారుజామున బిందె చంకన పెట్టుకొని నడిచేది కూడా అక్కడే.

పడడం చిన్న విషయమని అనుకొంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రమాదవశాత్తు కలిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం పడిపోవడానిదే. ఏటా సుమారు 6,84,000 మంది ఇలా చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది అరవై దాటినవారు. వయసు మళ్ళిన స్త్రీల ఎముకలు డొల్లబారి ఉంటాయి గనుక, పడుచువారు లేచి బట్టలు దులుపుకొని పోయేంతటి పాటుకే వారికి తుంటి ఎముక విరుగుతుంది. ఆపరేషను, నెలల తరబడి మంచం, పడకపుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, దానితోపాటు కొడుకు కూలి పని మానుకోవడం, కోడలు పొలం మానుకోవడం. ఒక చప్టా మీది పాచి ఇంటిల్లిపాదినీ మంచాన పడేయగలదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, క్రొత్త ఇల్లు కట్టుకొన్నవాడు డాబాకు పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ ఉన్నది. ఎవరైనా అక్కడనుండి పడితే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుందని దాని భావం. పాలస్తీనాలో డాబాల మీద మనుష్యులు తిరిగేవారు, పడుకొనేవారు గనుక ఆ మాట డాబా గురించి వచ్చింది. మన ఇంటికి వచ్చిన పాలమనిషి, పోస్టుమాన్, పొరుగింటి ముసలమ్మ ఎక్కడ జారిపడే అవకాశమున్నదో ఆ చోటు ఇంటివారి పూచీలోనిదే అన్నది మా అభిప్రాయం. చాలామంది ఇంటివారు ఈ పూచీని ఒప్పుకొంటారు కూడా. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, పాచిని పోగొట్టడానికి వారు తెచ్చి పోసేదానిలో. జారుడు పోగొట్టబోయి కళ్ళు పోగొట్టుకొన్న ఇళ్ళున్నాయి.

కాబట్టి ముందు పాచి సంగతి తెలుసుకొందాం. అది మట్టి కాదు, మురికి కాదు. కంటికి కనబడనంత సన్నని మొక్కలవంటి జీవులు గుంపుగా పెరిగి, తమ చుట్టూ జిగురువంటి పదార్థాన్ని స్రవించి, దానిలో నీటిని నిలుపుకొంటాయి. కాలు జారేది ఆ జిగురువల్లనే. ఎండాకాలంలో అవి చావకుండా ఎండి, నల్లగా బండను అంటిపెట్టుకొని ఉండి, మొదటి వానకే మళ్ళీ పచ్చబడతాయి. అందుకే పాచిని కడగడానికి మంచి కాలం శ్రావణమాసం కాదు, మే నెల ఆఖరివారం. ఎండిన పాచి గోకితే పొట్టులా లేచి వస్తుంది. తడిసిన పాచి బ్రష్షు కింద జారిపోతుంది.

ఏ మందు చల్లినా, నీరు ఎక్కడనుండి వస్తున్నదో చూడకపోతే పదిహేను రోజుల్లో పాచి తిరిగి వస్తుంది. కారే కుళాయికి ఒక వాషరు, మేడమీది గొట్టానికి నాలుగడుగుల పైపుముక్క, నీరు నిలిచే చోట తూము వైపుకు కొంచెం వాలు. ఈ మూడు పనులు చేసిన ఇంటివారికి మందు అవసరం సగం తీరిపోతుంది. నేలకు నీడ వేసే కొమ్మను కొట్టించి ఎండ పడనిస్తే మరికొంత తీరుతుంది. మిగిలినదానికి కొబ్బరి పుల్లల పొరక, గట్టి బ్రష్షు, గుప్పెడు ముతక ఇసుక, మోచేతి బలం. మా పెద్దవాళ్ళు ఇసుకా కొబ్బరిపీచూ వేసి అరుగులు తోమేవారు. ఇది పాతకాలపు పద్ధతని నవ్వే పడుచువారికి ఒక మాట: దుకాణంలో దొరికే ఏ సీసా కూడా ఆ పనిని పూర్తిగా చేయదు. మందు వేసినా చచ్చిన పాచి అక్కడే ఉంటుంది, దాన్ని రుద్ది తీయవలసినది చేతులే.

ఇక మందుల విషయం. వీటిని ఎంచుకొనే ముందు కాలికింద ఉన్న రాయి ఏదో చూడాలి. మన ప్రాంతంలో దీనికి చాలా ప్రాముఖ్యత ఉన్నది. గౌలిగూడ, బేగంబజారు, సుల్తాన్‌బజారు పాత ఇళ్ళలో పరచిన ఫర్షీ చాలావరకు షాబాదు బండలు. తాండూరు బండలు, కడప నల్లబండలు, బేతంచెర్ల నాపరాళ్ళు కూడా అదే జాతివి. అవన్నీ సున్నపురాళ్ళే. సున్నపురాయి మీద యాసిడ్ పడితే సొరసొరమని పొంగుతుంది. ఆ పొంగును చూసి “మురికి కరుగుతున్నది” అని సంతోషించేవారున్నారు. కరుగుతున్నది మురికి కాదు, బండ. పైనున్న నున్నని పొర పోయి, గరుకుతేలి, సన్నని గుంటలు పడతాయి. తరువాతి వానాకాలం ఆ గుంటల్లో నీరు నిలిచి పాచి మరింత గట్టిగా వేళ్ళూనుతుంది. మొజాయిక్, పాలరాయి, సిమెంటు గచ్చు కూడా యాసిడ్‌కు తట్టుకోవు. గ్రానైటు బండ ఒక్కటే తట్టుకొంటుంది గాని, దాని సందుల్లో పోసిన సిమెంటు తట్టుకోదు. మీ బండ ఏదో తెలియకపోతే ఒక మూల నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. బుడగలు లేచినా, తుడిచిన తరువాత అక్కడ మెరుపు చచ్చినా అది సున్నపురాయి అన్నమాట.

యాసిడ్ గురించి ఇంకొక మాట కూడా చెప్పాలి. సందుల్లో బండిమీద పెట్టి అమ్మే పసుపుపచ్చని సీసా సాధారణంగా హైడ్రోక్లోరిక్ యాసిడ్. 2013 జూలైలో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకం మీద కట్టడి పెట్టింది. కొనేవారి పేరు, చిరునామా, అవసరం పుస్తకంలో రాయాలి, గుర్తింపు కార్డు చూడాలి, పద్దెనిమిదేళ్ళు నిండనివారికి అమ్మరాదు. ఇంటి వాకిలి కడగడానికి ఆ సీసాతో పని లేదని మా గట్టి నమ్మకం. ఇంట్లో ఉన్నవారు ఇక కొనకండి.

పాచికి నిజంగా పనిచేసేది, పల్లెల్లో కూడా చౌకగా దొరికేది బ్లీచింగ్ పౌడర్. మంచి సరుకులో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. కాని దాని బలం అంతా మూతలో ఉన్నది. గాలి, తేమ, వెలుతురు, వేడి తగిలితే క్లోరిన్ ఎగిరిపోయి ఉత్త సున్నం మిగులుతుంది. పోయిన ఏడు కొని, సంచి మూతి ముడివేసి, గొడ్లపాకలో పెట్టినది ఈ ఏడు పనిచేయలేదంటే పాచిని తప్పు పట్టనక్కరలేదు. కొనేటప్పుడు సంచిమీద తయారైన నెల చూడండి. పొడి పొడిగా ఉండి ముక్కుకు ఘాటు తగలాలి. గడ్డకట్టినది, వాసన లేనిది వద్దు. ఒక కాలానికి సరిపడినంతే కొని, ప్లాస్టిక్ డబ్బాలో గట్టిగా మూతపెట్టి, చీకటిగా చల్లగా ఉన్న చోట ఉంచండి. రేకు డబ్బా అయితే తుప్పు పట్టి తినేస్తుంది.

వాడే విధానం ఇది. ముందు గోకి, ఊడ్చి, పైనున్న పాచిని తీసేయాలి. లీటరు నీటికి 30 గ్రాములు, అంటే భోజనం చెంచాతో సుమారు మూడు చెంచాలు, చొప్పున ప్లాస్టిక్ బకెట్టులో కలపాలి. పొడిని నీటిలో వేయాలి. నీటిని పొడిమీద పోయరాదు. ఆ నీటిని చప్టా మీద పోసి, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి, గట్టిగా రుద్ది, ధారాళంగా నీళ్ళు కొట్టి కడగాలి. కడిగిన నీళ్ళు ఆరేదాకా పిల్లలను, కోళ్ళను, దూడలను దూరంగా కట్టివేయాలి. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్ళకు చెప్పులు, వీలైతే కళ్ళకు అద్దాలు ఉండాలి. కట్టుకొన్నది రంగు చీర అయితే మచ్చలు పడతాయి గనుక పాతది కట్టుకోండి. ఇత్తడి బిందె, అల్యూమినియం గిన్నె ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

పొడిని అలాగే గుప్పిట పట్టి విసిరే అలవాటు ఊళ్ళలో చాలా ఉన్నది. పెద్ద మనుషులు వస్తున్నారంటే దారికి ఇరువైపులా తెల్లగా గీతలు గీసినట్లు చల్లడం మనమందరం చూసినదే. చూడడానికి శుభ్రంగా కనబడుతుంది. అయితే పొడి గాలికి లేచి చల్లేవారి కళ్ళల్లోకి, ముక్కుల్లోకి పోతుంది. నీటిలో కలిపితే పది చెంచాలతో అయ్యే పనికి కిలో ఖర్చవుతుంది.

కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా చూడాలి. మల్లెపాదులోకి, కూరగాయల మడిలోకి, పశువులు తాగే కుంటలోకి పోకూడదు. పశ్చిమ గోదావరి ప్రాంతంలో చేపపిల్లలను వదలకముందు చెరువులో ఉన్న అక్కరలేని చేపలను చంపడానికి రైతులు వాడేది ఈ బ్లీచింగ్‌నే. దాన్నిబట్టి దాని శక్తి ఊహించుకోవచ్చు.

ఇప్పుడు చెప్పబోయేది ఈ వ్యాసంలో అన్నిటికన్న ముఖ్యమైన సంగతి. చదవలేని పెద్దవాళ్ళకు దయచేసి చదివి వినిపించండి. బ్లీచింగ్ మీద యాసిడ్ పోయరాదు. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ వేయరాదు. ఒకటి పనిచేయలేదని రెండోది కలపడం మన ఆడవాళ్ళకు చాలా సహజంగా తోచే ఆలోచన. వంటలో ఉప్పు చాలకపోతే మరికొంచెం వేసినట్లే ఇదీ అనుకొంటారు. ఆ రెండూ కలిసిన క్షణంలో క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మను సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలిన విషవాయువు ఇదే. పచ్చపసుపు రంగులో, గాలికన్న బరువుగా, నేలబారుగా పాకుతుంది. తలుపు మూసిన చిన్న స్నానాల గదిలో వంగి కూర్చొని బండలు తోమే మనిషి ముక్కు సరిగ్గా దాని ఎత్తులోనే ఉంటుంది. దగ్గు, కళ్ళమంట, గుండెల్లో పట్టినట్లు ఉండడం మొదలైన వెంటనే అన్నీ అక్కడే వదిలి బయటి గాలిలోకి రావాలి. “ఇంకొక్క నిమిషం, కడిగేసి వస్తా” అనుకోకూడదు. నెమ్మదించినట్లే ఉండి కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు గనుక డాక్టరుకు చూపించడం మానకండి. మూత్రం నిలవ ఉన్న చోట, అమోనియా కలిసిన అద్దాలు తుడిచే మందు ఉన్న చోట కూడా బ్లీచింగ్ వేస్తే ఇటువంటి ఘాటు వాయువే పుడుతుంది. కాబట్టి మరుగుదొడ్డిలో ముందు నీళ్ళు పుష్కలంగా కొట్టి, తరువాతనే ఏదో ఒక్క మందు వాడండి.

ఫినాయిల్ పాచికి పనికిరాదు. తడి బండమీద అది ఇంకొంచెం జారుడు చేస్తుంది. మైలుతుత్తం పాచిని చంపుతుంది గాని అది విషం, చేపలకూ గొర్రెలకూ మరీను. ఇంటి వాకిలికి దాన్ని తేవద్దు. సున్నం వేయడం మన ఊళ్ళలో పాత పద్ధతి, అది కొంతవరకు పనిచేస్తుంది కూడా. అయితే రాతిసున్నం మీద నీళ్ళు పడితే కుతకుత ఉడుకుతుంది. ఒక్క తుంపర కంట్లో పడితే యాసిడ్‌కన్న లోతుగా కాలుస్తుంది. తమలపాకుకు రాసుకొనే చిన్న సున్నం పాకెట్టును పిల్లలు నొక్కి ఆడుకొంటూ ఉండగా పగిలి కంట్లో పడిన కేసులు కంటి డాక్టర్లకు బాగా తెలుసు. తాతయ్యలు ఆ పాకెట్టును జేబులోనే ఉంచుకోవాలి, గూట్లో పెట్టరాదు.

ఉప్పు చల్లవచ్చునా అని అడుగుతారు. రాళ్ళుప్పు పాచిలోని నీటిని లాగి దాన్ని ఎండబెడుతుంది. అది నిజమే. కాని అదే ఉప్పు వాన నీటితో గోడ పునాదిలోకి దిగి ఇటుకలను పొడిచేస్తుంది, స్లాబులోని ఇనుప ఊచను తుప్పు పట్టిస్తుంది, పెరట్లోని కరివేపచెట్టును చంపుతుంది. న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో అబీమెలెకు షెకెము పట్టణాన్ని పడగొట్టి, దానిమీద ఉప్పు చల్లించాడని చదువుతాం. ఆ నేల మళ్ళీ పనికిరాకూడదన్న కసితో చేసిన పని అది. మన వాకిటికి మనమే ఆ శిక్ష వేసుకోనక్కరలేదు.

అయితే ఉప్పును వాకిట్లో చల్లడమే పద్ధతిగా ఉన్న దేశాలున్నాయి. మన సంఘాలలో కొడుకు దగ్గరకో, కూతురి పురిటికో అమెరికా, కెనడా వెళ్ళి ఆరు నెలలుండి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు పల్లెల్లో కూడా ఉన్నారు. షికాగో, డిట్రాయిట్, టొరంటో వంటి చోట్ల డిసెంబరు నుండి మార్చి వరకు ఇంటి ముందు దారి గడ్డకట్టి ఉంటుంది. లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున గడ్డిమీద తెల్లగా పేరుకొన్న మంచునే గొప్పగా చెప్పుకొనే మనకు అది ఊహకందదు. అక్కడ భయపడవలసినది తెల్లగా కుప్పపడిన మంచుకు కాదు, కరిగి తిరిగి గడ్డకట్టిన పలుచని అద్దంలాంటి పొరకు. అది కంటికి కనబడదు, తడి నేలలాగే ఉంటుంది. చెత్తసంచి పట్టుకొని హవాయి చెప్పులతో నాలుగడుగులు బయటికి వచ్చిన అమ్మకు అది సరిగ్గా మన పాచిబండే.

దానిమీద వారు చల్లే మందు పనిచేసే తీరు మనకు తెలియనిది కాదు. పెళ్ళిళ్ళలో చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ డబ్బా చుట్టూ ఐసుముక్కలు వేసి, రాళ్ళుప్పు ఎందుకు చల్లేవారో గుర్తుచేసుకోండి. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. ఇంకా చాలా చల్లబడితే తప్ప గడ్డకట్టదు. ఆ గుణాన్నే అక్కడ దారులకు వాడుకొంటారు. మామూలు రాళ్ళుప్పు చౌక. కాని చలి సున్నాకు దిగువ 9 డిగ్రీలు దాటితే దాని పని దాదాపు ఆగిపోతుంది. మెగ్నీషియం క్లోరైడు సుమారు 15 డిగ్రీల దిగువ దాకా, కాల్షియం క్లోరైడు దాదాపు 29 డిగ్రీల దిగువ దాకా పనిచేస్తాయి. ఈ కాల్షియం క్లోరైడు మన బట్టల బీరువాల్లో తేమను పీల్చడానికి పెట్టే డబ్బాల్లో ఉండే పదార్థమే. తడి తగిలితే వేడెక్కుతుంది గనుక చేతితో తీసి చల్లితే చర్మం కాలుతుంది. తొడుగులు తప్పనిసరి. మన రైతులు వరికి చల్లే యూరియాను కూడా అక్కడ వాడేవారున్నారు, అయితే అది కొద్దిపాటి చలికే. ఆ రోజు చలి ఎంతో చూడకుండా సంచి విప్పితే డబ్బు మంచులో పోసినట్లే.

సంచిమీద ఏమి రాసి ఉన్నా కొన్ని సంగతులు అన్నిటికీ ఒకటే. ముందు పారతో మంచును తీసి, మిగిలిన పలుచని పొరమీదనే మందు చల్లాలి. ఎక్కువ చల్లితే ఎక్కువ కరగదు. ఇరవై అడుగుల కారు దారికి కాఫీ కప్పు నిండా ఉప్పు, అంటే దాదాపు 340 గ్రాములు చాలునని మిన్నెసోటా రాష్ట్రపు పర్యావరణ శాఖవారు చెబుతారు. ఒక్క చెంచా ఉప్పు దాదాపు 19 లీటర్ల నీటిని శాశ్వతంగా పాడుచేస్తుందని కూడా వారే హెచ్చరిస్తారు. చెరువుల్లో, బావుల్లో చేరిన ఉప్పును మళ్ళీ తీయడానికి తేలికైన దారి లేదు. పోసి ఏడాది నిండని సిమెంటు మీద అసలు చల్లరాదు, పెచ్చులు లేస్తాయి. చలి మరీ ఎక్కువైన రోజున ఇసుక చల్లండి. అది కరిగించదు గాని కాలికి పట్టునిస్తుంది. దారి పొడిబారిన తరువాత మిగిలిన ఉప్పును ఊడ్చి డబ్బాలో పోసుకొంటే మళ్ళీ పనికివస్తుంది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచే మన అలవాటు అక్కడ మేలే చేస్తుంది. కాని పాకే మనుమడి చేతికి ఆ చెప్పుల అడుగున ఉన్న ఉప్పు అంటకుండా గుమ్మం దగ్గర చాప వేసి, దాన్ని తరచుగా దులపాలి. పెంపుడు కుక్క ఉంటే దాని పాదాలు తుడవాలి.

షికాగోలో ఇంటి ముందరి కాలిబాటను కనీసం అయిదడుగుల వెడల్పున శుభ్రం చేసి ఉంచవలసిన బాధ్యత చట్టప్రకారం ఇంటివారిదే. పైన చెప్పిన పిట్టగోడ ఆజ్ఞ మాకు అక్కడ గుర్తుకువస్తుంది. అయినా అల్లుడు ఆఫీసుకు పోయాడు గదా అని బీపీ, గుండెజబ్బు ఉన్న నాన్నగారు పార పట్టుకోకూడదు. గడ్డకట్టే చలిలో బరువైన మంచు ఎత్తడం గుండెకు ఎంత భారమో అక్కడి డాక్టర్లు ప్రతి చలికాలం చెబుతూనే ఉంటారు. బయటికి వెళ్ళవలసి వస్తే గాడిపడిన రబ్బరు అడుగుల బూట్లు వేసుకొని, చేతులు జేబుల్లో పెట్టుకోకుండా, బాతులాగా చిన్న చిన్న అడుగులు వేస్తూ నడవాలి. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి కట్టుకోవాలి. నవ్వేవారు నవ్వనీయండి.

తిరిగి మన ఊరికి వద్దాం. ఇళ్ళ సంగతి ఇంతసేపు చెప్పాము గాని, గుడి ఆవరణ సంగతి ఎవరూ పట్టించుకోరు. వారమంతా తాళం వేసి ఉండి, ఆదివారం ఒక్కరోజు వందమంది నడిచే చోటది. గుడిమెట్లకు ఒక పక్క చేతికి ఊతగా ఇనుప గొట్టం బిగించడానికి పెద్ద ఖర్చు కాదు. స్త్రీల సమాజంవారు పూనుకొంటే ఒక నెల కానుకతో అవుతుంది. వానాకాలంలో శనివారం సాయంకాలమే మెట్లను పొరకతో గీరి కడిగితే ఆదివారానికి ఆరతాయి. ఆదివారం ఉదయం కడిగితే తడిబండల మీదనే ముసలివారిని నడిపించినట్లవుతుంది.

ముంచి బాప్తిస్మమిచ్చే సంఘాలలో తొట్టిమెట్లు మరీ ప్రమాదకరం. తడిసిన బట్టలతో, కళ్ళు మూసుకొని ప్రార్థిస్తూ ఎక్కే విశ్వాసికి పాచి కనబడదు. బాప్తిస్మానికి రెండు రోజుల ముందు తొట్టిని ఖాళీచేసి, పైన చెప్పిన విధంగా తోమి, నీళ్ళతో రెండుసార్లు కడిగి, ఆ తరువాత నింపాలి. నింపిన నీటికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ చాలు. పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో హెచ్చవేసి, వెయ్యితో హెచ్చవేస్తే లీటర్లు వస్తాయి. నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు తొట్టిలో 8,000 లీటర్లు పడతాయి గనుక 20 గ్రాములు కావాలి. దాన్ని చిన్న బకెట్టులో కలిపి, తేరిన పైనీటిని మాత్రమే తొట్టిలో పోసి, బాగా కలియబెట్టి, కనీసం ఒక గంట ఆగాలి. ఊరి బావికి కూడా ఇదే లెక్క పనికివస్తుంది.

చివరగా, మందులు దాచే చోటు. కూల్‌డ్రింకు సీసాలో ఏ మందునూ పోయకండి. దాహమైన పిల్లవాడు సీసాను చూస్తాడు గాని చీటీని చదవడు. బ్లీచింగ్‌ను, యాసిడ్‌ను ఒకే గూట్లో పెట్టకండి. ఎవరైనా యాసిడ్ గాని, సున్నం గాని, బ్లీచింగ్ నీళ్ళు గాని మింగితే వాంతి చేయించకూడదు. వేలుపెట్టి కక్కించడం, ఉప్పునీళ్ళు తాగించడం వద్దు. వచ్చేదారిలో అది గొంతును మళ్ళీ కాలుస్తుంది. నోరు కడిగించి, 108కి ఫోను చేసి, ఆ సీసాను కూడా వెంట తీసుకువెళ్ళండి, డాక్టరుకు అది కావాలి. చర్మం మీద పడితే తడిసిన బట్టలు తీసివేసి ఇరవై నిమిషాలు నీళ్ళు ధారగా పోయాలి. కంట్లో పడితే పసుపు, పాలు, ఆముదం ఏదీ వేయకుండా, రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకొని, మంచినీళ్ళు చెంబుతో సన్నని ధారగా పదిహేను ఇరవై నిమిషాలు పోస్తూనే ఉండాలి. కన్నులోనుండి పారే నీరు రెండో కంటిలోకి పోకుండా తలను ఆ పక్కకు వంచి పట్టుకోవాలి. పిల్లలు ఏడ్చి గింజుకొంటారు, ఇద్దరు పట్టుకోవలసి వస్తుంది. ఎంత కంగారుగా ఉన్నా, కడగడం పూర్తిచేసిన తరువాతనే కంటి ఆసుపత్రికి బయలుదేరండి.